కాలేజీ ఆన్‌లైన్ లెర్నింగ్ సిస్టమ్ మీద సైబర్ దాడి జరిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షల సీజన్ వచ్చిందంటే మా సర్వర్ గదిలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, మూడుల్ ఓపెన్ అవ్వట్లేదు, హ్యాక్ అయిందా?" అని. చాలాసార్లు కాదు. ఎప్పుడో ఒకసారి అవును. ఆ ఒక్కసారి కోసమే ఈ పేజీ. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఏళ్ల తరబడి మూడుల్ (అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, మార్కులు నడిచే ఆన్‌లైన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్) సర్వర్ చూసుకుంటున్నవాడిగా లెక్చరర్లు, విద్యార్థులు, తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ పేరు ఇందులో పదే పదే వస్తుంది. 2019 డిసెంబర్‌లో ఆ యూనివర్సిటీ ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దెబ్బ తింది. దెబ్బ తిన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఎక్కడ తప్పు జరిగిందో తేదీలతో సహా బయటపెట్టినవాళ్లు తక్కువ. మిగతావాళ్లు "సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం" అని ఒక లైను రాసి ఊరుకుంటారు. ఆ లైను చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

ప్లాట్‌ఫామ్ పనిచేయట్లేదు. ఇది దాడేనా?

ముందు మామూలు కారణాలు చూడండి. డిస్క్ నిండిందా? సర్టిఫికెట్ గడువు తీరిందా? డొమైన్ రెన్యువల్ ఫైలు అకౌంట్స్ సెక్షన్‌లో సంతకం కోసం ఆగిందా? మిడ్ పరీక్షకు అన్ని బ్రాంచీలూ ఒకేసారి లాగిన్ అయ్యాయా? 2025 అక్టోబర్ 20న, మనకు దీపావళి రోజు, అమెజాన్ క్లౌడ్‌లో లోపం వచ్చి అమెరికాలో కాన్వాస్ (మూడుల్ లాంటిదే) వాడే యూనివర్సిటీల్లో క్లాసులు ఇబ్బంది పడ్డాయి. అది హ్యాకింగ్ కాదు.

దాడి జరిగితే గుర్తులు వేరేలా ఉంటాయి. ఫైళ్ల పేర్లకు చివర ఎప్పుడూ చూడని తోక తగులుకుంటుంది. ప్రతి ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఒక టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. అడ్మిన్ల జాబితాలో మీరు పెట్టని పేరు ఉంటుంది. యాంటీవైరస్ ఎవరూ ఆపకుండానే ఆగిపోయి ఉంటుంది. వీటిలో ఒక్కటి కనిపించినా రీస్టార్ట్ బటన్ మీద నుంచి చెయ్యి తీసేయండి.

దాడే అని తేలింది. మొదటి గంటలో ఏం చేయాలి?

నెట్‌వర్క్ కేబుల్ పీకండి. పవర్ కేబుల్ కాదు, నెట్‌వర్క్ కేబుల్. కంగారులో ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు ఎక్కువ. సర్వర్ ఆన్‌లో ఉంటే దాని మెమొరీలో దాడి చేసినవాడి ప్రోగ్రామ్, వాడిన పాస్‌వర్డ్‌లు, ఒక్కోసారి తాళం తీసే కీ కూడా మిగిలి ఉండొచ్చు. పవర్ తీస్తే అవన్నీ పోతాయి. నెట్‌వర్క్ నుంచి విడదీసే దారే లేక, కళ్ల ముందే ఫైళ్లు లాక్ అయిపోతుంటే అప్పుడు మాత్రం పవర్ ఆపాల్సిందే. వర్చువల్ మెషిన్ అయితే దాని నెట్‌వర్క్ కార్డు తీసేసి, మెమొరీతో సహా స్నాప్‌షాట్ (ఆ క్షణానికి మెషిన్ ఎలా ఉందో ఆ కాపీ) తీసుకోండి.

తర్వాత ఒక నోట్‌బుక్ తెరవండి. కంప్యూటర్‌లో కాదు, కాగితపు నోట్‌బుక్. "10:05, ఫలానావారు ఫోన్ చేశారు. 10:12, స్క్రీన్ ఫొటో తీశాం. 10:20, స్విచ్‌లో పోర్ట్ ఆపాం." ఇలా టైము, పని, చేసినవారి పేరు రాస్తూ పోండి. సాయంత్రానికి ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు. పోలీసులైనా, ఫోరెన్సిక్ టీమ్ అయినా మొదట అడిగేది ఇదే.

ఇంకో సంగతి. కాలేజీ మెయిల్‌లో దీని గురించి మాట్లాడుకోకండి. లోపలికి వచ్చినవాడు మెయిల్ కూడా చదువుతున్నాడేమో మీకు తెలియదు. ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్, ఎగ్జామినేషన్ బ్రాంచ్, నెట్‌వర్క్ చూసే వ్యక్తి, హోస్టింగ్ కంపెనీ ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద ముందే ఉండాలి. మా గదిలో ఆ కాగితం ఫ్యాన్ స్విచ్ పక్కన అతికించి ఉంటుంది. అంతకుముందు అది షేర్డ్ డ్రైవ్‌లో ఉండేది. ఆ డ్రైవే తెరుచుకోని రోజు ఎలా చదువుతామన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు.

మొత్తం క్యాంపస్ ఇంటర్నెట్ కట్ చేయాలా? క్లాసులు ఆగిపోవా?

కొన్నిసార్లు చేయాల్సిందే. 2023 ఆగస్టు 27, ఆదివారం. తెల్లారితే సెమిస్టర్ మొదలు. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ ఆ రోజు తన క్యాంపస్‌ను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తెంచేసింది. బుధవారానికి గానీ మళ్లీ కలపలేదు. అయితే వాళ్ల కాన్వాస్, జూమ్ క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టి క్యాంపస్ బయట నుంచి, మొబైల్ డేటా మీద అవి నడిచాయి. ఆ నెలలో లేట్ రిజిస్ట్రేషన్ ఫీజు కూడా వసూలు చేయలేదు. తర్వాత విచారణలో ఆగస్టు 23 నుంచి 27 వరకు ఎవరో లోపల తిరిగారని తేలింది. సుమారు 2,30,000 మంది వివరాలకు సంబంధించిన వ్యవహారం అది. మూడు రోజులు నెట్ లేకపోవడం గురించి తిట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నాకు మాత్రం అది గట్టి నిర్ణయంలాగే కనిపిస్తుంది.

ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం వీసీ గారు పెళ్లిలో ఉండి ఫోన్ ఎత్తకపోతే నెట్ కట్ చేసే మనిషి ఎవరు? చాలా కాలేజీల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఆ మెయిల్‌లో లింక్ నొక్కింది నేనే అనుకుంటా. చెప్పాలా?

చెప్పండి. ఇప్పుడే చెప్పండి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతారనుకుంటే అది ఇదే కావాలి.

మాస్ట్రిక్ట్‌లో ఏం జరిగిందో చూడండి. 2019 అక్టోబర్ 15న, ఆ మర్నాడు వచ్చిన రెండు ఫిషింగ్ మెయిళ్లలో (నమ్మించి మోసం చేసే దొంగ మెయిళ్లు) లింకులు తెరుచుకున్నాయి. లింక్ వెనక ఒక ఎక్సెల్ ఫైల్, దాంట్లో మాక్రో, అంటే ఫైల్ లోపల దాగి నడిచే చిన్న ప్రోగ్రామ్. అంతే. ఆ రోజు కంప్యూటర్‌లో ఏమీ పేలలేదు, స్క్రీన్ ఎర్రగా మారలేదు. దాడి చేసినవాళ్లు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి నిదానంగా పాకారు. సెక్యూరిటీ అప్‌డేట్లు వేయని ఒక సర్వర్ దొరికింది. నవంబర్ 21 నాటికి మొత్తం నెట్‌వర్క్ మీద అడ్మిన్ హక్కులు వాళ్ల చేతికి వచ్చాయి. క్రిస్మస్ సెలవులకు అందరూ ఇళ్లకు వెళ్లే వేళ, డిసెంబర్ 23 సాయంత్రం, 267 విండోస్ సర్వర్లు లాక్ చేశారు.

అక్టోబర్ 15కి, డిసెంబర్ 23కి మధ్య పది వారాలు ఉన్నాయి. ఆ పది వారాల్లో ఏ రోజు పట్టుకున్నా కథ వేరుగా ఉండేది. ఇలాంటి మెయిల్ మన దగ్గర ఒక లెక్చరర్ తెరిచి, ఫైల్ ఖాళీగా కనిపించి, ఏదో తేడాగా ఉందే అనుకుని, ఎవరికైనా చెబితే మీటింగ్‌లో నిలబెట్టి అడుగుతారన్న భయంతో మూసేశారనుకోండి. దాడి చేసినవాడికి పది వారాలు ఉచితంగా ఇచ్చినట్టే.

కాబట్టి ఈ జవాబులో రెండో సగం ప్రిన్సిపాళ్లకు, హెచ్‌ఓడీలకు. వచ్చి చెప్పినవాళ్లకు మెమో ఇవ్వకండి. ఒక్క మెమో ఇస్తే చాలు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ మీకు ఎప్పుడూ ఏదీ చెప్పరు.

ఎవరికి రిపోర్ట్ చేయాలి? ఎంతలోపు?

మన దేశంలో అయితే సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ), విషయం గమనించిన 6 గంటల్లోపు. 2022 ఏప్రిల్ 28న వచ్చిన ఆదేశాలు ఇవి. ప్రభుత్వ సంస్థలకైనా, ప్రైవేటు సంస్థలకైనా ఇవే వర్తిస్తాయి. టోల్ ఫ్రీ నంబర్ 1800-11-4949. మొత్తం విచారణ 6 గంటల్లో పూర్తి చేయమని ఎవరూ అనలేదు. చేతిలో ఉన్నంత సమాచారం పంపి, మిగతాది తర్వాత ఇవ్వొచ్చు. "కమిటీ వేసి, రిపోర్ట్ వచ్చాక పంపుదాం" అనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఆ ఆదేశాల్లోనే ఇంకో రెండు ఉన్నాయి, వాటిని పెద్దగా పట్టించుకోరు. సిస్టమ్ లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ రాసుకునే రికార్డు) 180 రోజులు దాచాలి. సర్వర్ల గడియారాలన్నీ ఒకే ప్రామాణిక సమయానికి కలపాలి. గడియారం గొడవేంటని మీకు అనిపిస్తే, మార్కుల ప్రశ్న దగ్గర మా కాలేజీలో జరిగింది చెబుతాను.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కాలేజీ స్థాయి దాడికి రాతపూర్వకంగా సైబర్ క్రైమ్ పోలీసులకు ఇవ్వాలి. తెలంగాణలో దీనికోసం ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది.

ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. లీక్ గురించి చెప్పాల్సిన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటి నుంచి డేటా లీకైన ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా చెప్పాలి. డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి, పూర్తి వివరాలు 72 గంటల్లోపు ఇవ్వాలి. చెప్పకపోతే జరిమానా 200 కోట్ల దాకా, సరైన రక్షణ పెట్టనందుకు 250 కోట్ల దాకా ఉండొచ్చు. ఈ అంకెలు చూపించాకే మా దగ్గర ఫైర్‌వాల్ ఫైలు కదిలిందని కూడా చెప్పాలి.

అడిగిన డబ్బు కట్టేసి పని కానిచ్చుకోవచ్చు కదా?

మాస్ట్రిక్ట్ కట్టింది. 2019 డిసెంబర్ 30న 30 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 1,97,000 యూరోలు. బ్యాకప్‌లలో కొన్ని కూడా అదే నెట్‌వర్క్‌లో ఉండి లాక్ అయిపోయాయి. సిస్టమ్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకోవాలంటే నెలలు పడుతుంది, పరీక్షలు, పరిశోధన, జీతాలు అన్నీ ఆగుతాయి. చాలా ఆలోచించి కట్టారు. తాళం చెవి వచ్చింది, పనిచేసింది. జనవరి 6న క్లాసులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 5న సభ పెట్టి, ఏం జరిగిందో, ఎందుకు కట్టారో అందరి ముందూ చెప్పారు.

తర్వాత జరిగింది కొంచెం విచిత్రం. ఆ డబ్బులో కొంత ఉక్రెయిన్‌లోని ఒక మనీ లాండరర్ వాలెట్‌లో ఉందని డచ్ పోలీసులు పట్టుకుని స్తంభింపజేశారు. పట్టుకున్నప్పుడు దాని విలువ సుమారు 40,000 యూరోలు. 2022 నాటికి బిట్‌కాయిన్ ధర పెరిగి అదే దాదాపు 5,00,000 యూరోలైంది. ఆ సొమ్ము డబ్బుకు ఇబ్బంది పడే విద్యార్థుల కోసం వాడతామని యూనివర్సిటీ ప్రకటించింది. దొంగ ఎత్తుకెళ్లిన కోడి పిల్లలతో తిరిగొచ్చినట్టుంది. మనకూ అలా జరుగుతుందని మాత్రం లెక్కేసుకోకండి.

ఎందుకంటే ఇంకో ఉదాహరణ ఉంది. ఉత్తర అమెరికా స్కూళ్లు వాడే పవర్‌స్కూల్ సాఫ్ట్‌వేర్‌లోకి 2024 డిసెంబర్‌లో చొరబడ్డారు. దొంగిలించిన ఒక సపోర్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ చాలింది. కంపెనీ డబ్బు కట్టింది. డేటా చెరిపేసినట్టు వీడియో కూడా చూపించారు. 2025 మేలో అదే డేటాతో స్కూల్ బోర్డులకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. వీడియోలో ఒక కాపీ చెరిపితే ఇంకో కాపీ లేదని ఎలా నమ్ముతాం?

నా అభిప్రాయం అడిగితే, లాక్ అయిన ఫైళ్లు తెరవడానికి కట్టడం ఒక రకం, "లీక్ చేయొద్దు" అని కట్టడం ఇంకో రకం. మొదటిదానికి కనీసం చేతికి ఒక తాళం చెవి వస్తుంది. రెండోదానికి దొంగ మాట తప్ప ఏమీ రాదు. ఏదైనా సరే, లాయర్‌తో, పోలీసులతో మాట్లాడకుండా ఐటీ సెక్షన్ ఒక్కటే బేరం మొదలుపెట్టకూడదు.

బ్యాకప్ ఉందంటున్నారు. మరి రెండు రోజుల నుంచి ఏం చేస్తున్నారు?

ఈ ప్రశ్న విద్యార్థులు అడిగితే ఓపిగ్గా చెబుతాను. యాజమాన్యం అడిగితే కొంచెం కోపం వస్తుంది, ఎందుకంటే బ్యాకప్‌కి రెండో డిస్క్ అడిగినప్పుడు వద్దన్నది వాళ్లే.

మూడుల్ ఒక్క వస్తువు కాదు. మార్కులు, క్విజ్ జవాబులు, హాజరు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. మీరు అప్‌లోడ్ చేసిన అసైన్‌మెంట్ ఫైళ్లు మూడుల్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే "యూనిట్ త్రీ అసైన్‌మెంట్" అనే పేరు ఎక్కడా కనిపించదు. ఒక్కో ఫైల్ పేరు 40 అక్షరాలు, అంకెల గజిబిజి. ఏ గజిబిజి ఎవరి అసైన్‌మెంటో చెప్పగలిగేది డేటాబేస్ ఒక్కటే. ఫోల్డర్ బ్యాకప్ నిన్నటిదై, డేటాబేస్ బ్యాకప్ మూడు వారాల కిందటిదైతే ఈ మూడు వారాల్లో వచ్చిన ఫైళ్లు అన్నీ ఉంటాయి, ఎవరివో తెలియదు. మేం ఒకసారి ట్రయల్ రిస్టోర్ చేసినప్పుడు ఇదే బయటపడింది. డేటాబేస్ బ్యాకప్ స్క్రిప్ట్ పాస్‌వర్డ్ మారిన రోజు నుంచి నడవడం ఆగిపోయింది, ఎవరూ చూసుకోలేదు. రోజూ రాత్రి సున్నా సైజులో ఒక ఫైల్ తయారవుతూనే ఉంది. ట్రయల్ కాబట్టి బతికిపోయాం.

ఇంకో కారణం, దాడి చేసినవాడు వదిలిన దొంగ తలుపు కూడా బ్యాకప్‌లో ఉండొచ్చు. మాస్ట్రిక్ట్‌లో లాగా పది వారాల ముందే లోపలికి వచ్చి ఉంటే, నిన్నటి బ్యాకప్ వేస్తే వాడినీ తిరిగి పిలుచుకున్నట్టే. అందుకే కొత్త సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ శుభ్రంగా వేసి, పాత దాంట్లోంచి డేటా మాత్రమే తెస్తాం. ప్లగిన్లు (మూడుల్‌కు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రామ్‌లు) ఒక్కొక్కటీ చూస్తాం.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబర్ 23న జరిగింది గుర్తుందా? 5 సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా లాక్ అయ్యాయి. దేశంలోనే పేరున్న ఆసుపత్రిలో ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభాగాలుగా విడదీయకపోవడమే కారణమని పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి డేటా తిరిగి వచ్చింది. బ్యాకప్ ఉన్నా వారాలు పట్టింది. మా రెండు రోజులు తక్కువే.

మార్కులు ఎవరైనా మార్చి ఉంటారేమో ఎలా తెలుస్తుంది?

మూడుల్‌లో గ్రేడ్ హిస్టరీ అనే రిపోర్ట్ ఉంది. ఏ విద్యార్థికి, ఏ పరీక్షలో, పాత మార్కు ఎంత, కొత్త మార్కు ఎంత, ఎవరి అకౌంట్ నుంచి, ఎప్పుడు మారిందో చూపిస్తుంది. సెమిస్టర్ చివర కాగితం మీద సంతకాలతో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు వెళ్లే ఇంటర్నల్ మార్కుల షీటు ఉంటుంది కదా, దాన్ని పాతకాలపు తంతు అని నవ్వుతాం. దాడి జరిగిన రోజు ఆ షీటే సాక్ష్యం.

ఇప్పుడు గడియారం కథ. ఒక విద్యార్థి ఇంటర్నల్ మార్కులు 11 నుంచి 24 అయ్యాయి. మార్చింది ఒక మేడమ్ అకౌంట్. వెబ్ సర్వర్ లాగ్ తీస్తే టైము 20:44. ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆవిడ ఇంటి నుంచి లాగిన్ అయ్యానని తానే ఒప్పుకున్నారు. ఇంకేముంది, ప్రిన్సిపాల్ గదిలో నలుగురి ముందు కూర్చోబెట్టారు. ఆవిడ ఏడ్చారు. లాగ్ చదివి వినిపించింది నేనే.

ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే బుర్రలో వెలిగింది. మా సర్వర్ గడియారం భారత కాలమానంలో లేదు, అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంది. 20:44కి ఐదున్నర గంటలు కలిపితే అర్ధరాత్రి దాటాక 2:14. తిరిగి వెళ్లి ఐపీ అడ్రస్ చూశాను. అది బాయ్స్ హాస్టల్ వైఫైది. ఆవిడ ల్యాబ్ కంప్యూటర్‌లో బ్రౌజర్ అడిగితే పాస్‌వర్డ్ సేవ్ చేసి వదిలేశారు, అంతే. మర్నాడు వెళ్లి క్షమాపణ చెప్పాను. గడియారం కూడా మార్చాను. ముందు చేయాల్సిన పని తర్వాత చేశాను.

రేపు నా అసైన్‌మెంట్ డెడ్‌లైన్. ఇప్పుడేం చేయాలి?

మీ ఫైల్ మీ దగ్గర పెట్టుకోండి, తేదీ చెడకుండా. మళ్లీ తెరిచి సేవ్ చేయకండి. ఇదివరకే అప్‌లోడ్ చేసి ఉంటే మెయిల్‌లో వచ్చిన రసీదు వెతికి స్క్రీన్‌షాట్ తీసుకోండి. డెడ్‌లైన్ పొడిగింపు కాలేజీ సర్క్యులర్‌లో వస్తుంది. సీఆర్ ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ మెసేజ్‌లో వచ్చే లింక్‌లో అప్‌లోడ్ చేయకండి. ఇలాంటి సమయంలోనే "తాత్కాలిక సబ్మిషన్ పోర్టల్" అంటూ దొంగ లింకులు పుడతాయి.

లెక్చరర్లకు: పొడిగింపు అందరికీ ఒకేలా ఇవ్వండి. విడివిడిగా అడిగినవాళ్లకే ఇస్తే అడగడానికి మొహమాటపడేవాళ్లు నష్టపోతారు. ఆన్‌లైన్ మిడ్ ఉంటే ప్రశ్నపత్రం జిరాక్స్ తీయించండి. పెన్నూ కాగితం ఇంకా పనిచేస్తాయి.

పాస్‌వర్డ్ మార్చేస్తే చాలా?

ఎప్పుడు మారుస్తున్నారో చూసుకోండి. దాడి చేసినవాడు ఇంకా లోపల ఉండగా మారిస్తే కొత్తది కూడా వాడికే చేరుతుంది. కాలేజీ "ఇప్పుడు మార్చండి" అన్నాక, శుభ్రమైన ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. మూడుల్‌లో వాడిన పాస్‌వర్డే జీమెయిల్‌కో, ఇన్‌స్టాగ్రామ్‌కో వాడి ఉంటే మాత్రం వాటిని ఇప్పుడే మార్చేయండి.

అడ్మిన్ల వైపు పని ఎక్కువ. అందరి సెషన్లూ, అంటే తెరిచి ఉన్న లాగిన్లు, తెంచాలి. పాస్‌వర్డ్ మారినా పాత సెషన్, మొబైల్ యాప్ టోకెన్ బతికే ఉండొచ్చు. వెబ్ సర్వీస్ టోకెన్లు, డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పంపే అకౌంట్ పాస్‌వర్డ్ అన్నీ మార్చాలి.

మన కాలేజీల్లో ఇంకో జబ్బు ఉంది. యూజర్ నేమ్ హాల్‌టికెట్ నంబర్, పాస్‌వర్డ్ పుట్టిన తేదీ. హాల్‌టికెట్ నంబర్లు వరుసలో ఉంటాయి. పుట్టినరోజులు క్లాస్ వాట్సాప్ గ్రూపులో కేకు ఫొటోలతో సహా ఉంటాయి. దీన్ని ఛేదించడానికి హ్యాకర్ అక్కర్లేదు, పక్క బెంచీవాడు చాలు.

దాడి చేసింది మన విద్యార్థే అయితే?

అది కొత్తేమీ కాదు. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో 2014 నవంబర్ నుంచి 2016 సెప్టెంబర్ వరకు ఒక విద్యార్థి పదే పదే దొంగ ట్రాఫిక్ వరదలా పంపి లాగిన్ సర్వర్‌ను కూలగొట్టాడు. అసైన్‌మెంట్లు పెట్టే దారే మూసుకుపోయేది. 2018లో కోర్టు అతనికి ఆరు నెలల గృహ నిర్బంధం, 86 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 2020లో మయామీ-డేడ్ స్కూళ్లలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన వారమే పడిపోతే, పట్టుబడింది అక్కడి 16 ఏళ్ల విద్యార్థి. బ్రిటన్ యూనివర్సిటీల నెట్‌వర్క్ నడిపే జిస్క్ సంస్థ 2018లో గమనించింది ఇంకా సరదాగా ఉంటుంది. ఇలాంటి దాడులు టర్మ్ జరిగే రోజుల్లో, పని గంటల్లో పెరిగి, సెలవుల్లో తగ్గిపోతున్నాయి. హ్యాకర్లకు కూడా అకడమిక్ క్యాలెండర్ ఉన్నట్టే!

మన దగ్గర ఐటీ చట్టం సెక్షన్ 43, 66 వర్తిస్తాయి, మూడేళ్ల దాకా జైలు. "సరదాకి ట్రై చేశా" అనే మాట పోలీస్ స్టేషన్‌లో పనిచేయదు. అయితే కాలేజీలకు ఒక మాట. లోపం కనిపెట్టి, ఏమీ ముట్టుకోకుండా వచ్చి చెప్పిన కుర్రాడిని దొంగను చూసినట్టు చూడకండి. అలా చెప్పడానికి ఒక మెయిల్ ఐడీ పెట్టండి.

మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చేస్తోంది. వాళ్ల యూనివర్సిటీలో దాడి జరిగిందట. వీసాకి ఏమైనా అవుతుందా?

టెన్షన్ పడకండి. ఎఫ్-1 విద్యార్థుల వీసా రికార్డు సెవిస్ అనే వేరే వ్యవస్థలో ఉంటుంది, దాన్ని అక్కడి ప్రభుత్వం నడుపుతుంది. క్లాసుల ప్లాట్‌ఫామ్ ఆగిపోయినంత మాత్రాన అది మారదు. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడుతుంటే మాత్రం ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోమనండి.

మీరు జాగ్రత్తపడాల్సింది ఇక్కడ వచ్చే ఫోన్ల గురించి. లీకైన వివరాల్లో తల్లిదండ్రుల నంబర్ ఉంటే, "మీ అమ్మాయి ట్యూషన్ ఫీజు సిస్టమ్‌లో పోయింది, ఈ రోజే మళ్లీ కట్టకపోతే అడ్మిషన్ రద్దు" అని ఎవరో అంటారు. అమ్మాయి పేరు, కోర్సు, స్టూడెంట్ ఐడీ అన్నీ కరెక్టుగా చెబుతారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. పెట్టేసి అమ్మాయికే ఫోన్ చేయండి. అక్కడ అర్ధరాత్రైనా సరే.

విద్యార్థులకు ఏమని ప్రకటించాలి?

తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి, మళ్లీ ఎప్పుడు చెబుతారో టైము ఇవ్వండి. ఇలా ఉంటే చాలు:

"ఈ రోజు ఉదయం 9:40కి మన లెర్నింగ్ ప్లాట్‌ఫామ్‌లోకి బయటివాళ్లు చొరబడినట్టు గుర్తించాం. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించాం. మీ వివరాలు బయటికి వెళ్లాయో లేదో ఇంకా నిర్ధారించలేదు. ఈ వారం డెడ్‌లైన్లన్నీ పొడిగిస్తున్నాం. పాస్‌వర్డ్, ఓటీపీ కాలేజీ తరఫున ఎవరూ అడగరు. తర్వాతి సమాచారం సాయంత్రం 5 గంటలకు నోటీస్ బోర్డులో, కాలేజీ గేటు దగ్గర ఉంటుంది."

సాయంత్రం 5కి కొత్త విషయం ఏమీ లేకపోయినా "కొత్త విషయం లేదు" అని అతికించండి. ఆ కాగితం లేకపోతే 5:10కి వాట్సాప్ సొంత వార్త తయారుచేసుకుంటుంది.

"మీ డేటా పూర్తిగా సురక్షితం" అని మాత్రం మొదటి రోజే రాయకండి. వారం తర్వాత కాదని తేలితే ఆ కాగితం ఫొటో జీవితాంతం తిరుగుతుంది.

నూజివీడు, ఇడుపులపాయ, బాసర లాంటి ట్రిపుల్ ఐటీల్లో, పాలిటెక్నిక్‌లలో పదో తరగతి అవ్వగానే చేరినవాళ్లు ఉంటారు. 18 ఏళ్లు నిండనివాళ్లు కొత్త చట్టం లెక్కలో పిల్లలే. వాళ్ల విషయం తల్లిదండ్రులకూ చేరాలి. చాలామంది పల్లెల్లో ఉంటారు, మెయిల్ చూడరు. తెలుగులో ఎస్‌ఎంఎస్, వీలైతే ఒక ఫోన్ కాల్.

మాది క్లౌడ్‌లో ఉంది. అంతా వెండర్ చూసుకుంటాడు కదా?

సర్వర్ వాడిది, పిల్లల వివరాలు మీవి. అగ్రిమెంట్ తీసి మూడు విషయాలు చూడండి. దాడి జరిగితే ఎన్ని గంటల్లో మీకు చెబుతాడు? లాగ్స్ అడిగితే ఇస్తాడా? బ్యాకప్ కాపీ మీ చేతికి ఇస్తాడా? 6 గంటల గడువు మీ నెత్తిన ఉన్నప్పుడు వెండర్ "పని దినాల్లో 48 గంటల్లోపు" అని రాసి ఉంటే ఆ అగ్రిమెంట్ మళ్లీ రాయించుకోండి.

మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?

లోపలికి ఎలా వచ్చారో తెలిశాక. ఆ దారి మూశాక. ఈ రెండూ కాకుండా "పిల్లలు ఇబ్బంది పడుతున్నారు" అని తెరిస్తే వారంలో మళ్లీ మూయాల్సి వస్తుంది.

తెరిచేది కూడా ఒకేసారి కాదు. మొదట లెక్చరర్లకు, చదవడానికి మాత్రమే. వాళ్లు తమ కోర్సులో మార్కులు, తమ దగ్గరున్న కాగితాలతో పోల్చి సంతకం పెడతారు. తర్వాత ఫైనల్ ఇయర్ వాళ్లకు, ఆ తర్వాత అందరికీ. కనీసం నెల రోజులు రాత్రి లాగ్స్ రోజూ పొద్దున్నే ఒకరు చదవాలి. మా దగ్గర ఆ పని నాది. టీ తాగుతూ ముందు చూసేది టైము కాలమ్, అది మన టైమేనా కాదా అని.